లైసెన్స్ సస్పెండ్ అయ్యాక కూడా మా తమ్ముడు బండి ఎందుకు తీశాడు

మా తమ్ముడి డ్రైవింగ్ లైసెన్స్ 2025 జనవరిలో పోయింది, అక్టోబరులో తిరిగొచ్చింది. ఆ మధ్య నెలల్లో వాడు బండి ముట్టని వారం దాదాపు లేదు. ఇది విని వాడేదో రౌడీ టైపు అనుకుంటారేమో. మందుల కంపెనీలో మెడికల్ రెప్. ఒక డాక్టరు కోసం బ్యాగు పట్టుకుని గంటన్నర నిలబడగలిగేంత ఓపిక ఉన్న మనిషి. తాగి బండి నడిపి దొరికితే ఫైన్ ఎంత, ఏ కోర్టుకి వెళ్లాలి అని చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు. ఆ తర్వాతి నెలల్లో ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. వాడు మా ఇంటి పై గదిలోనే ఉంటాడు కాబట్టి అంతా దగ్గరుండి చూశాను. వాడికి చెప్పే రాస్తున్నాను.

జనవరి 11, శనివారం. సంక్రాంతికి ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లేముందు రెప్‌లంతా కలిసి కూర్చున్నారు. రాత్రి పదకొండు దాటాక మా ఆయనకి ఫోన్. "బావా, ఊదించారు. రీడింగ్ 78. మీరొస్తే బండి ఇస్తారంట." వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, కాబట్టి 78కి వాదించేదేమీ లేదు. మా ఆయన ఆర్సీ, తన లైసెన్స్, ఆధార్ పట్టుకుని ఆటోలో వెళ్లారు. తాగనివాళ్లు, లైసెన్స్ ఉన్నవాళ్లు వస్తే బండి వాళ్లకి అప్పగించాలని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పిందన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. అక్కడ మాత్రం అలాగే ఇచ్చారు. ఒంటిగంటన్నరకి ఇద్దరూ ఇల్లు చేరారు. బండి మా ఆయన పేరు మీదే ఉంది. తమ్ముడికి ఉద్యోగం వచ్చిన కొత్తలో వాడుకోమని ఇచ్చేశారు గానీ ఆర్సీ మార్చలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కార్డు పోలీసులు ఉంచుకుని ఒక రసీదు ఇచ్చారు. అసలు తిరకాసు ఆ కాగితంతోనే మొదలైంది. మామూలుగా పోలీసులు లైసెన్స్ తీసుకుని రసీదు ఇస్తే, దాని మీద బండి నడుపుకోవచ్చని మోటారు వాహనాల చట్టంలోనే, 206వ సెక్షన్‌లో ఉంది. వాడి ఫ్రెండ్స్ అందరూ అదే చెప్పారు. అయితే అదే సెక్షన్‌కి 2019లో ఇంకో ఉపసెక్షన్ చేర్చారు. తాగి నడపడం లాంటి కేసుల్లో తీసుకున్న లైసెన్స్‌కి ఇచ్చే రసీదు, బండి నడపడానికి అనుమతి కాదు. ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు, మాకు అడగాలనీ తట్టలేదు. పండగ అయిపోయింది, రసీదు మడిచి పర్సులో పెట్టుకున్నాడు, డ్యూటీకి బండి మీదే వెళ్లాడు. "స్లిప్ ఉందిగా అక్కా." వాడి దృష్టిలో అప్పటికి తప్పేమీ జరగట్లేదు. చట్టం దృష్టిలో అప్పటికే నడపకూడదు.

జనవరి 20న కౌన్సెలింగ్. ఇంట్లో వాళ్లు ఒకరు తప్పకుండా రావాలన్నారు, నేను వెళ్లాను. హాలు నిండా భార్యలు, తల్లులు, తలలు దించుకున్న మగవాళ్లు. యాక్సిడెంట్ల వీడియోలు వేశారు. మా ముందు వరసలో ఒకాయన, నలభై ఐదేళ్లుంటాయి, చిన్నపిల్ల చెప్పు రోడ్డు మీద పడి ఉన్న దృశ్యం రాగానే కర్చీఫ్ తీసి కళ్లు ఒత్తుకున్నాడు. పక్కన భార్య కూడా ఏడుస్తోంది. అయిపోయాక బయటికి వస్తే, ఆయన గోడ పక్కన పెట్టిన బండి తీశాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు, ఆవిడ వెనక కూర్చుంది, బ్యాగు ఒళ్లో సర్దుకుంది, వెళ్లిపోయారు. ఆ ఏడుపు నటన అని నేను అనుకోవట్లేదు. నిజంగానే ఏడ్చాడు. వచ్చింది బండి మీద కాబట్టి బండి మీదే వెళ్లాడు, అంతే.

కోర్టు జనవరి 28న. పొద్దున పదింటికి వెళ్తే మూడు దాటాక పేరు పిలిచారు. బయట ఒకతను మూడు వేలిస్తే తొందరగా అయిపోతుందన్నాడు. మేం ఇవ్వలేదు, ఇచ్చినవాళ్లు మాకంటే ముందేమీ బయటపడలేదు. తప్పు ఒప్పుకునేదానికి వకీలు అక్కర్లేదు. పదివేలు జరిమానా కట్టించుకుని, మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల దాకా, జరిమానా 15,000 ఉంటుందని హెచ్చరించారు. మెట్లు దిగుతూ వాడు గట్టిగా ఊపిరి వదిలి "అమ్మయ్య, అయిపోయింది" అన్నాడు. మేమూ అదే అనుకున్నాం. ఫైన్ కట్టడం వేరు, లైసెన్స్ మీద చర్య వేరు అని చాలామందికి తెలియదు. కోర్టు పని కోర్టు చేసింది. లైసెన్సులు చూసే ఆర్టీఏ వాళ్ల పని ఇంకా మొదలే కాలేదు.

ఆ నోటీసు మార్చి మొదటి వారంలో పోస్టులో వచ్చింది. లైసెన్స్ ఎందుకు సస్పెండ్ చేయకూడదో చెప్పుకోమని షోకాజ్. వెళ్లి, ఉద్యోగం బండి మీదే ఆధారపడి ఉందని రాసిచ్చాడు. విన్నారు, మర్యాదగానే మాట్లాడారు. మార్చి 24 తేదీతో ఆర్డర్ వచ్చింది. ఆరు నెలలు. 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు గానీ మా ఆయన వద్దన్నారు. ఆరు నెలలు ఎంతలో గడుస్తాయి అన్నారు.

పట్టుబడిన రాత్రికీ ఆర్డర్‌కీ మధ్య రెండు నెలలకు పైగా గడిచాయి. ఆ రెండు నెలలూ వాడు రోజూ నడిపాడు, ఏమీ కాలేదు. భయం అనేది ఉంటే మొదటి వారంలో ఉండాలి. ఆర్డర్ చేతికొచ్చేసరికి ఆ భయం ఎప్పుడో కరిగిపోయింది. పైగా ఆర్డర్ వచ్చిన మర్నాడు పొద్దున లేచి చూస్తే ఇంట్లో ఏమీ మారలేదు. తాళం మేకుకి వేలాడుతోంది. బండి గేటు లోపల ఉంది. పెట్రోల్ ఉంది. పాత లైసెన్స్ ఫొటో ఫోన్‌లో ఉంది.

అయినా మొదటి రెండు వారాలు వాడు నిజంగా ప్రయత్నించాడు. మెట్రో, ఆటో, బైక్ ట్యాక్సీ. రెప్ ఉద్యోగం తెలియని వాళ్లకి ఒక మాట. రోజుకి పది పన్నెండు మంది డాక్టర్లను కలవాలి, నాలుగైదు మందుల షాపులు తిరగాలి, రాత్రికి రిపోర్ట్ పెట్టాలి. ఒక డాక్టరు మధ్యాహ్నం రెండింటికి ఒకచోట దొరుకుతాడు, ఇంకొకాయన రెండున్నరకి ఏడు కిలోమీటర్ల అవతల. మెట్రో దిగి లోపలికి నడిచేసరికి ఆయన భోజనానికి వెళ్లిపోతాడు. కంపెనీ ఇచ్చే ప్రయాణ ఖర్చు (టీఏ) కిలోమీటరుకి మూడు రూపాయలు. రోజంతా తిరిగితే బండికి నూటయాభై లోపు అయ్యేది, ఆటోలకి ఐదారు వందలు అవుతోంది. మే నెలలో మెట్రో చార్జీలు కూడా పెరిగాయి. నాకైతే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని సిటీ బస్సు ఫ్రీ, వాడికి అదీ లేదు. జీతం ఇరవై ఆరు వేలు. లెక్క వాడే ఒక కాగితం మీద వేసి నా ముందు పెట్టాడు. నా దగ్గర సమాధానం లేదు.

కంపెనీకి చెప్పొచ్చు కదా అని నేను రోజూ అడిగేదాన్ని. చెబితే ఉద్యోగం పోతుందని వాడి భయం. అపాయింట్‌మెంట్ లెటర్‌లో టూవీలర్, చెల్లుబాటయ్యే లైసెన్స్ తప్పనిసరి అని ఉంది. ఎందుకు సస్పెండ్ అయిందో కూడా చెప్పాలి. అందుకని చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి టూర్ ప్లాన్ మారలేదు, ప్లాన్ మారలేదు కాబట్టి బండి కావాలి. సస్పెండ్ అయినవాళ్లు ఎందుకు నడుపుతారు అంటే నేను ముందు చెప్పేది ఇదే. లైసెన్స్ పోయిందన్న మాట దాచిపెట్టాలంటే, అది ఉన్నట్టే బతకాలి.

ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి అమ్మకి బీపీ పెరిగి కళ్లు తిరిగాయి. పదిన్నర. మా ఆయన ఊళ్లో లేరు. మాత్రలు అయిపోయాయి, దగ్గరి షాపు మూసేశారు. వాడు తాళం తీసుకున్నాడు, ఎవరం ఆపలేదు. ఆపే సమయమూ కాదు. అయితే మర్నాడు ఆ తాళం మళ్లీ మేకుకి వెళ్లలేదు, వాడి జేబులోనే ఉండిపోయింది. తర్వాత రెండు రోజులకి వాన, ఆపై నెలాఖరు టార్గెట్. ప్రతిసారీ కారణం కొంచెం చిన్నదయ్యేది. మే వచ్చేసరికి మా పిల్లవాడు "మామయ్యా, ట్యూషన్ దగ్గర దింపవా" అంటే అమ్మ కూడా "పక్క సందేగా, దింపెయ్" అనేది. మానేయమని పోరేదీ మా ఇంట్లోవాళ్లే, పనులు పురమాయించేదీ మా ఇంట్లోవాళ్లే.

వాడు తనకి తాను కొన్ని నియమాలు పెట్టుకున్నాడు. శుక్ర, శని రాత్రుళ్లు తీయడు. తొమ్మిది లోపు ఇంటికి. పెద్ద జంక్షన్లు వదిలి లోపలి దార్లు. హెల్మెట్ బకిల్ పెట్టకుండా గేటు దాటడు, స్టాప్ లైన్ దాటడు, ఫోన్ తీయడు. లైసెన్స్ ఉన్న రోజుల్లో వాడు ఇంత బుద్ధిగా నడపడం నేను చూడలేదు. కానీ జాగ్రత్తగా చూస్తే ఆ నియమాలు యాక్సిడెంట్ కాకుండా పెట్టుకున్నవి కావు, పోలీసుల కంట పడకుండా పెట్టుకున్నవి. మందు మాత్రం జనవరి తర్వాత ముట్టలేదు. అది నిజం, చెప్పాలి. దానివల్లే వాడికి ఇంకో వాదన దొరికింది. "శిక్ష తాగి నడిపినందుకు. ఇప్పుడు తాగట్లేదు కదా."

మే చివర్లో ఒక జంక్షన్ దగ్గర ఆపారు కూడా. నాకు ఫోన్ చేసి "అక్కా, అయిపోయింది" అన్నాడు, గొంతు వణుకుతోంది. పది నిమిషాలకి మళ్లీ ఫోన్. నంబర్ ప్లేట్ చూసి పెండింగ్ చలానా ఒకటుంటే కట్టమన్నారట. కట్టాడు, పొమ్మన్నారు. లైసెన్స్ అడగనే లేదు. కెమెరా ఫొటో తీసేది ప్లేటుని. చలానా వచ్చేది బండి నంబరుకి. బండికి ఇన్సూరెన్స్ ఉంది, పొల్యూషన్ ఉంది, అంతా సవ్యంగా ఉంది. లేనిది నడిపే మనిషికి, అది ప్లేటు మీద కనపడదు. ఆ రోజు వాడు దొరికిపోయి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దొరక్కపోవడం వల్ల వాడి మొహంలో టెన్షన్ పోయి ఒక రకమైన ధీమా వచ్చింది. ఆ సాయంత్రం స్వీట్లు తెచ్చాడు.

మా ఇంట్లో అసలు కుదుపు జూన్‌లో, బండి ఇన్సూరెన్స్ రెన్యూవల్ అప్పుడు. మాటల్లో మా ఆయన ఏజెంటుని అడిగారు, లైసెన్స్ సస్పెండ్ అయిన మనిషి నడిపితే ఏమవుతుందని. ఎవరో తెలిసినవాళ్ల సంగతి అన్నట్టు అడిగారు. ఆయన చాలా మామూలుగా చెప్పారు. బండికి డ్యామేజీ అయితే పైసా రాదు. ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే సాధారణంగా ముందు కంపెనీతోనే కట్టించి, ఆ డబ్బు బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటారు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాన్ని బట్టి కోర్టులు ఇలాగే ఆదేశాలిస్తున్నాయట. ఓనరు అంటే మా ఆయన. ప్రాణం పోయిన కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుంది, మా ఇంటి లోన్ ఇంకా పదకొండేళ్లుంది. పైగా సస్పెన్షన్‌లో నడిపితే 182 సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు గానీ పదివేల జరిమానా గానీ, రెండూ గానీ. తెలిసి బండి ఇచ్చిన ఓనరు మీద 180 కింద ఇంకో కేసు.

ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు. తాళం తీసుకుని ఆఫీసు బ్యాగులో వేసుకున్నారు. తమ్ముడు ఒక్క మాట అనలేదు. సమస్య తీరిందనుకున్నాను. పది రోజులకి తెలిసింది, ఫ్రెండ్ స్కూటీ వాడుతున్నాడని. సందు చివర పెట్టి నడిచి ఇంటికొచ్చేవాడు. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "పోనీ ఆ పిల్లాడి కొంప ముంచుతావా" అని అరిచాను. "ఏం చెయ్యమంటావక్కా, నువ్వే చెప్పు" అన్నాడు. పొగరుగా అనలేదు, నిజంగానే అడిగాడు.

జూలై 17, సాయంత్రం ఆరున్నర, సన్నగా వాన. వాడు తన దారిలో తను వెళ్తున్నాడు. రాంగ్ రూట్‌లో స్కూటర్ మీద ఒక కుర్రాడు ఫోన్ చూసుకుంటూ వచ్చి హ్యాండిల్‌కి తగిలించాడు. ఇద్దరూ పడ్డారు. తమ్ముడి మోకాలు చెక్కుకుపోయింది, కుర్రాడికి దెబ్బలేమీ లేవు గానీ ఫోన్ పగిలింది. జనం మూగారు. ఎవరో "100కి కొట్టండి, రాంగ్ రూట్‌లో వచ్చింది ఇతనే, మేం చూశాం" అని మావాడి తరఫునే మాట్లాడుతున్నారు. మావాడికి ఆ మాట వినగానే చెమటలు. వద్దు వద్దు అని అందరినీ బతిమాలాడు. కుర్రాడికి అర్థమైపోయింది, వీడికి పోలీసులంటే ఏదో ఇబ్బంది ఉందని. ఫోన్ స్క్రీన్‌కి నాలుగున్నర వేలు అడిగాడు. మావాడు అక్కడికక్కడే ఫోన్‌పే చేశాడు. ఇంటికొచ్చి మోకాలికి మందు రాయించుకుంటూ చెప్పాడు, "రాంగ్‌లో వచ్చింది వాడు, సారీ చెప్పింది నేను. జనం నన్ను చూసిన చూపు..." అంతకుమించి చెప్పలేకపోయాడు. నాలుగున్నర వేలు పోయినందుకు కాదు వాడి బాధ. న్యాయం తన వైపే ఉన్నా అక్కడ నిలబడి మాట్లాడే హక్కు తనకి లేకుండా పోయింది. జైలు, జరిమానా అని మేం ఎన్ని చెప్పినా పట్టనివాడికి ఇది పట్టింది.

మర్నాడు మేనేజరుకి చెప్పాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేశాడు. ఆయన ఐదు నిమిషాలు తిట్టారు. తర్వాత, జనవరిలోనే చెప్పి ఉంటే అప్పుడే ఏరియా మార్చేవాణ్ని కదా, ఇంతకుముందు టీమ్‌లో ఇలాంటి కేసు చూశాం అన్నారు. ఆరు నెలలుగా మేం భయపడిన మాటకి జవాబు ఇదీ. అందరు మేనేజర్లూ ఇలాగే ఉంటారని నేను చెప్పను. ఏరియా మెట్రో లైను పక్కనే ఉండేలా మార్చారు, వారంలో ఒకరోజు జాయింట్ వర్క్, అంటే ఇద్దరూ కలిసి తిరగడం, ఆయన బండి మీద. టీఏ పెరగలేదు. ఆ క్వార్టర్ ఇన్సెంటివ్ పోయింది.

ఇక బండి మానేశాడని రాయాలని ఉంది గానీ అలా జరగలేదు. బాగా తగ్గింది. ఆగస్టులో కూడా ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం ఎవరిదో ఒక బండి తీసుకెళ్లడం నా కళ్లతో చూశాను. ఐదు నిమిషాల నడక. అప్పుడు ఉద్యోగమూ లేదు, అత్యవసరమూ లేదు. అడిగితే తలగోక్కున్నాడు. దాదాపు పదేళ్లుగా గుమ్మం దాటితే బండెక్కడమే అలవాటు, కాళ్లు వాటంతటవే అటు వెళ్తాయి. కారణాలన్నీ తీసేశాక మిగిలింది ఇదే, దీనికి నా దగ్గర మందు లేదు.

సెప్టెంబరు 23తో గడువు అయిపోయింది. 24 పొద్దున వాడు తయారై తాళం ఇమ్మన్నాడు. మా ఆయన లైసెన్సుల వివరాలుండే సారథి సైట్‌లో లైసెన్స్ నంబరు కొట్టి చూస్తే ఇంకా సస్పెండెడ్ అనే ఉంది. గడువు ముగిస్తే దానంతటదే తిరిగి రాదు. 2019 సవరణ ప్రకారం రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే కార్డు తిరిగివ్వాలి. ఇది ముందే తెలిస్తే ఆగస్టులోనే కనుక్కునేవాళ్లం. శిక్షణకి స్లాటు, సర్టిఫికెట్, మళ్లీ ఆఫీసులో కాగితాలు, ఇదంతా అయ్యేసరికి అక్టోబరు 9. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, గడువుకి నెల ముందే వెళ్లి ఏం కావాలో అడగండి. చివరి రెండు వారాలే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మనిషి మనసులో శిక్ష అయిపోయి ఉంటుంది.

ఖర్చు లెక్క అడిగేవాళ్ల కోసం: కోర్టులో పదివేలు, ఆ కుర్రాడికి నాలుగున్నర వేలు, ఆటోలు మెట్రోలు కలిపి ముప్ఫై వేల దాకా, ఇన్సెంటివ్ పోయింది వేరే.

కార్డు వచ్చిన మర్నాడే మా ఆయన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వాడి చేతిలో పెట్టారు, బండి నీ పేరుకి మార్చుకో అని. తమ్ముడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అమ్మ కూడా "అంత అవసరమా" అంది. నాకైతే అవసరమే అనిపించింది, అదే చెప్పాను. స్లాట్ వచ్చే వారం ఉంది. ఆర్సీ మారాక 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కూడా పేరు మార్పించాలి, ఏజెంటుకి ముందే చెప్పి ఉంచాం.